సంతకం పెట్టని పార్టీ

మల్కాజ్‌గిరి,
జూన్ 13, శనివారం

సుకన్యా,

నువ్వు మోసం చేస్తున్నావు. తెలిసే చేస్తున్నావు. ఈ మాట నీ మొహం మీదే అనేవాణ్ణి. కానీ నువ్వు నామినేషన్ వేసిన రోజు నుంచి మనకు మాటల్లేవు కాబట్టి కాగితం మీద అంటున్నాను. రేపు ఆదివారం అమ్మ ఎప్పటిలాగే లాలాగూడ బస్సెక్కుతుంది, ఇది నీ చేతికిస్తుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి చేత పోస్ట్‌మాన్ పని చేయిస్తున్నాం. ఆ సిగ్గు ఇద్దరిదీ.

మొన్న గురువారం మీ బస్తీకి వచ్చాను. నీ కోసం కాదు, మన బడి హెడ్‌మిస్ట్రెస్ కాంతమణి టీచర్ పిలిస్తే. తిరిగి వస్తుంటే రేషన్ షాపు పక్కన మీ నిలదీత పార్టీ వాళ్ల బల్ల కనపడింది. బల్లకు ఇవతల జనం. అవతల ఒక ఖాళీ కుర్చీ, దాని మీద ‘అధికారి గారు’ అని రాసిన అట్టముక్క. ఆరేళ్లుగా ఇదే మీ తంతు. ప్రతి గురువారం జనాన్ని పోగేసి ఆ ఖాళీ కుర్చీని నిలదీయించడం. దాంతోనే ఇంత పెరిగారు. మొదట్లో నేనూ ముచ్చటపడ్డాను, నా పత్రికలో మెచ్చుకుంటూ రెండు పేజీలు రాశాను కూడా. ఆ రెండు పేజీలు ఇప్పుడు ఎవరైనా చింపేస్తే సంతోషిస్తాను.

ఎందుకంటే మొన్న బల్లకు ఇవతల నిలబడి, చెయ్యెత్తి, ఆ కుర్చీని కడిగేస్తున్నది నువ్వు. ఎనిమిది నెలలుగా ఈ వార్డు కార్పొరేటర్‌వి నువ్వు! “మా బడిని ఎందుకు మూస్తున్నరు, జవాబు చెప్పున్రి” అని కుర్చీని అడిగావు. అది నీ కుర్చీ సుకన్యా. నీ కుర్చీని నువ్వే ఖాళీగా ఉంచి, దాన్ని నువ్వే తిట్టి, జనం చేత చప్పట్లు కొట్టించుకున్నావు. పాత పార్టీల వాళ్లు కుర్చీలో కూర్చుని మోసం చేస్తారు. మీరు నిలబడి చేస్తున్నారు. కాళ్లు నొప్పి పుట్టడం తప్ప తేడా ఏమిటో నాకు తెలియదు.

కాంతమణి టీచర్ ఉత్తర్వు చూపించారు. బస్తీ బడిని రైలు పట్టాల అవతలి బడిలో కలిపేస్తారు. నూట ముప్పై మంది పిల్లలు పట్టాలు దాటాలి. దీన్ని ఆపడానికి ఒకటే దారి అందులోనే రాసి ఉంది: వార్డు కార్పొరేటర్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి, జూలై 10 సాయంత్రం లోపల. మూడు వాక్యాలు, కింద నీ సంతకం. నువ్వు ఊరేగింపు చేయక్కర్లేదు, మైకు పట్టక్కర్లేదు. ఇంతవరకూ ఎందుకు పెట్టలేదో నాకు చెప్పు.

నీకు నచ్చకపోయినా అన్నను,
హరికిషన్

—

లాలాగూడ,
జూన్ 21

హరన్నకు నీ మోసగత్తె చెల్లె రాయునది.

నీ ఉత్తరం అందింది. మోసం అని రాసిన చేత్తోనే అమ్మ సంచిలో నాకు ఇష్టమని సకినాలు పెట్టావు. రెండూ తిన్నాను. సకినాలు కొంచెం మెత్తబడ్డాయి, తిట్లు మాత్రం కరకరలాడుతున్నాయి.

ఇప్పుడు నువ్వు విను. ఆరేళ్ల కింద వానలకు మా ఇండ్లల్లో మోకాలి లోతు నీళ్లు నిలబడ్డాయి. నా టైలరింగ్ షాపులో కుట్టుమిషన్లు రెండూ మునిగాయి. పాత పార్టీల నాయకులు ఫ్లెక్సీల మీద నవ్వుతూనే ఉన్నారు. మీ అభ్యుదయం వాళ్లు ఏం చేశారు? చల్లటి హాల్లో ‘పట్టణ వరదలు – వర్గ దృక్పథం’ అని సభ పెట్టారు. సమోసాలు బాగున్నాయని నువ్వే నాతో అన్నావు. నిలదీత వాళ్లు బకెట్లు, చీపుర్లు పట్టుకుని వచ్చారు. నాకు వాళ్లెవరో కూడా తెలియదు. బురద ఎత్తారు. మరునాడు కూడా వచ్చారు. మా పార్టీ ఎట్లా పుట్టింది, ఎందుకు చావడం లేదు అని నువ్వు లావు లావు పుస్తకాలు తిరగేస్తున్నావని అమ్మ చెప్పింది. అంత తక్లీఫ్ ఎందుకు? మరునాడు కూడా వచ్చారు, అంతే.

సంతకం సంగతి. మా పార్టీలో చేరినవాళ్లం అందరం ఒక ఒట్టు పెట్టుకుంటాం. వాళ్ల దస్త్రం మీద మన సంతకం పడదు. ఓడినా పడదు, గెలిచినా పడదు. కౌన్సిల్ హాజరు పుస్తకంలో కూడా నేను సంతకం చేయను, లేచి నిలబడి పేరు చెప్తాను. నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ జనం మమ్మల్ని నమ్మేది అందుకే. సంతకం పెట్టినవాళ్లను చాలామందిని చూశారు వాళ్లు.

ఇంకొక మాట. కాంతమణి టీచర్ ఇల్లు పట్టాల అవతలే. విలీనమైతే ఆమెకు నడక తప్పుతుంది. అయినా నా చేత ఒట్టు తప్పించడానికి ఆమె నిన్నెందుకు పిలిచిందో నువ్వు ఆలోచించుకో. నీ ప్రెస్సులో పోయిన ఎన్నికలకు పాలక పార్టీ వాళ్ల కరపత్రాలు అచ్చయ్యాయి. నా చేత సంతకం పెట్టించమని నీకు ఎవరు చెప్పారో కూడా చెప్పు.

సుకన్య

—

మల్కాజ్‌గిరి,
జూన్ 27

సుకన్యా,

అవును, పాలక పార్టీ కరపత్రాలు నా ప్రెస్సులో అచ్చయ్యాయి. వాళ్ల కాగితం ఆరబెట్టిన తాడు మీదే మీ జల్లెడ గుర్తు పోస్టర్లూ ఆరాయి. అందరిలోంచి తప్పంతా జల్లెడ పడతామని రాసుకొచ్చారు మీవాళ్లు. జల్లెడలో పైన మిగిలేది ఏమిటో ఎప్పుడైనా చూశావా? నలకలూ, రాళ్లూ. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నాకు చెప్పేంత ధైర్యం ఉన్నవాడు ఏ పార్టీలోనూ లేడు.

కాంతమణి టీచర్‌కు నీ అనుమానం చేరవేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను, నువ్వే సిగ్గుపడాలని. ఆవిడది విజయనగరం వైపు, కోపం వచ్చినా గొంతు లేవదు. ప్రెస్సులో స్టూలు మీద కూర్చుని ఇలా అన్నారు: “నాకు దగ్గరే అవుద్దండీ, నిజమే. బ్రిడ్జి ఎక్కి దిగాలంటే ఇరవై నిమిషాలండీ. పిల్లలు ఎక్కరు. గోడ సందులోంచి దూరిపోతారు. మొన్న మూడో తరగతి పిల్ల చెప్పు పట్టాల మధ్య ఇరుక్కుంటే, చెప్పు కోసం వెనక్కెళ్లిందండీ. బండి కనబడుతుంటే వెనక్కెళ్లింది.” కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లిపోయారు.

ఇక నీ బకెట్ల సంగతి. ఒప్పుకుంటున్నాను. ఆ రోజు మేం సభలో ఉన్నాం. సమోసాలు తిన్నాం. ఆ సిగ్గుతోనే నేను మొదట్లో చాలాకాలం మీ పార్టీని ఒక్క మాట అనలేదు. కానీ బురద ఎత్తినవాడికి బురద మీద శాశ్వత హక్కు రాదు. మీ అధ్యక్షుడి ఉపన్యాసాలు వరుసగా విన్నాను. ఓడినప్పుడు జనం మోసపోయారన్నాడు. గెలిచాక వ్యవస్థ అడ్డుపడుతోందన్నాడు. గెలుపుకూ ఓటమికీ ఒకటే ఉపన్యాసం సరిపోయే పార్టీకి చావెక్కడిది? తప్పు ఎప్పుడూ గోడ అవతల ఉంటుంది. మీరు గోడ అవతలికి వెళ్లినా, గోడను మీతోపాటు మోసుకెళ్లి ఇంకొంచెం అవతల కడతారు. మూడు ఎన్నికలైంది, మీవాడు ఇంకా చొక్కా చేతులు మడుచుకునే తిరుగుతున్నాడు. ఏ పని కోసం మడిచాడో ఎవరూ అడగరు.

గెలిచిన సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు నువ్వు సంతకం పెట్టావు కదా. అది ఏ చేత్తో పెట్టావు? ఆ చేత్తోనే ఇంకొకటి పెట్టు. నీ ఒట్టు రాసిన మూర్ఖుడెవడో నాకు తెలియదు గానీ, వాడి పిల్లలు ఎప్పుడూ పట్టాలు దాటి బడికి వెళ్లి ఉండరు.

హరికిషన్

—

లాలాగూడ,
జూన్ 28

అన్నా,

ఆ మూర్ఖుడివి నువ్వే.

అమ్మ చాయ్ తాగేలోపల రాస్తున్నాను, మళ్లీ బస్సు వెళ్లిపోతుంది. నీకు నిజంగా గుర్తు లేదా? ఇరవై ఆరేళ్ల కింద, నాన్న పనిచేసిన ఇనుప కార్ఖానాలో సమ్మె. నువ్వు కరపత్రం రాశావు. నేను డిగ్రీ చదువుతున్నా. మైదా జిగురు ఉడకబెట్టి గోడలకు అంటించింది నేను. ‘వాళ్ల దస్త్రం మీద మన సంతకం పడిన రోజు, మనం కూడా వాళ్ల దస్త్రంలో ఒక కాగితం అయిపోతాం.’ ఈ వాక్యం ఎవరిది? ఒక్కటి నా దగ్గర మిగిలింది, చీర మడతల్లో దాచుకున్నా. పార్టీ పెట్టిన కొత్తల్లో అధ్యక్షుడికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఇదే మన ఒట్టు అన్నాడు. ఇప్పుడు ప్రతి సభలో చదువుతాడు. నీ పేరు చెప్పడు. చెప్పమని నేనూ అడగలేదు, ఎందుకంటే నీ పత్రికలో మమ్మల్ని నువ్వు తిట్టడం షురూ చేశావు.

నేను మురిసిపోయాను అన్నా. మా అన్న మాట వేలమంది చెయ్యి చాపి చెప్తున్నారని. నీకు చెప్పి నిన్ను సంతోషపెట్టాలనుకున్న రోజే నామినేషన్ గొడవ అయింది.

కాంతమణి టీచర్ విషయంలో నేను రాసింది తప్పు. ఆ పిల్ల ఎవరో కనుక్కున్నాను, మా వెనక వీధిలోదే.

అయినా సంతకం పెట్టను. పక్క వార్డులో మావాడు సత్యదేవ్ రోడ్డు పని ఫైలు మీద సంతకం పెట్టాడు. వారంలో ఆయన ఫోటోకు చెప్పుల దండ పడింది. రోడ్డు వచ్చింది, మనిషి పార్టీలోంచి పోయాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీద నడిచేవాళ్లు కూడా ఆయన్ను అమ్ముడుపోయినవాడనే అంటారు.

బడి కోసం మేమేం చేయడం లేదనుకోకు. పదో తారీఖున రెండు వేల మందితో ఆ ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు ముట్టడి. పొద్దున నుంచి సాయంత్రం దాకా గేటు తెరుచుకోదు. ఆ తీర్మానాన్ని బలపరిచింది నేనే. ఒక్క సంతకం బలమెంత, రెండు వేల మంది బలమెంత, నువ్వే చెప్పు.

సుకన్య

—

మల్కాజ్‌గిరి,
జూలై 4

సుకన్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ప్రెస్సులోనే పడుకున్నాను. మా ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నారు.

వాక్యం నాదే. బాగానే రాశాను. కానీ దాని పై వాక్యం ఏమిటో మీ అధ్యక్షుడు చదువుతున్నాడా? చదవడు. అందులో ఉన్నది ఖాళీ కాగితాల సంగతి. ఆ రోజుల్లో కార్ఖానా వాళ్లు కూలీల చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లు. తర్వాత పైన ‘ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను’ అని రాసుకునేవాళ్లు. కూలీల దగ్గర ఇవ్వకుండా ఆపగలిగింది సంతకం ఒక్కటే. అందుకని ఆపమన్నాను. నీ దగ్గర వార్డు ఉంది, ముద్ర ఉంది, నీ సంతకం కోసం ఒక ఆఫీసు ఎదురుచూస్తోంది. ఏమీ లేనివాడి ఆయుధాన్ని అన్నీ ఉన్నవాళ్లు పట్టుకుని తిరిగితే దాన్ని ధిక్కారం అనరు, ఎగవేత అంటారు.

ఇంకా ఒకటుంది. నీకు తెలియదు, అమ్మకు తెలుసు. ఆ సమ్మె చివర్లో ఒప్పందం మీద కూలీల తరఫున సంతకం పెట్టింది నాన్న. నలభై మంది మళ్లీ పనిలోకి వెళ్లారు. నేను నాన్నను అమ్ముడుపోయావన్నాను. రెండేళ్లు ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేదు. “నువ్వు రాసుడు ఆపొద్దు బిడ్డా. గని వాళ్లకు పొద్దుగాల పని కావాలె” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. వీరయ్య మేస్త్రి కొడుకునని సభల్లో చెప్పుకుంటాను గానీ ఈ సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

కాబట్టి మూర్ఖుడు ఎవరో తేలింది. ఇప్పుడు పని చూడు. మూడు వాక్యాల అభ్యంతర పత్రం టైపు చేసి ఇందులో పెట్టాను. కింద చుక్కలు పెట్టిన చోట సంతకం. ముట్టడి నీ ఇష్టం, డప్పులు నీ ఇష్టం. పదో తారీఖు దాకా మాత్రం ఆగకు. ఎనిమిదికల్లా ఇచ్చి రసీదు తీసుకో.

హరికిషన్

—

మల్కాజ్‌గిరి,
జూలై 11

కార్పొరేటర్ గారికి,

గడువు నిన్న సాయంత్రంతో ముగిసింది. కాంతమణి టీచర్ ఫోన్ చేశారు. మీ వార్డు నుంచి ఏ కాగితమూ అందలేదని ఆఫీసు వాళ్లు ఆవిడకు చెప్పారు. సోమవారం నుంచి పిల్లలు పట్టాల అవతలికి. అభినందనలు.

అమ్మ గురువారమే మీ ఇంటికి బయల్దేరింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఇవాళ పేపర్లో చూసి తెలుసుకున్నాను. ముట్టడి ముందు వరుసలో, మెడలో జల్లెడ కండువాతో, ఎండలో మన అమ్మ! కింద ‘తల్లుల ఆగ్రహం’ అని రాశారు. నీ సభకు మనిషి తక్కువైతే నన్నడగాల్సింది, ప్రెస్సు మూసి నేనొచ్చి కూర్చునేవాణ్ణి. ఆవిడకు బీపీ ఉందని తెలుసు కదా నీకు. నా వాక్యం దొంగిలించారు, ఊరుకున్నాను. అమ్మను కూడా పోస్టర్ చేశారు. ఇంతకంటే దిగజారడానికి మీ పార్టీ కూడా కొంచెం కష్టపడాలి.

ఇది మా ప్రెస్సు సామ్యూల్ స్కూటర్ మీద తెచ్చిస్తాడు. అమ్మను అతని వెనక పంపించు. జవాబు అక్కర్లేదు.

హరికిషన్

—

లాలాగూడ,
జూలై 12, ఆదివారం

అన్నా,

అమ్మ ఇంకా నాలుగు రోజులు ఇక్కడే ఉంటుంది. ఇది సామ్యూల్ చేతికే ఇస్తున్నాను. బీపీ తగ్గింది, మజ్జిగ తాగుతోంది, నిన్ను తిట్టొద్దని నాకు చెప్తోంది. జవాబు అక్కర్లేదన్నావు గానీ చదువు.

నేను సంతకం పెట్టాను. ఎనిమిదో తారీఖున కాదు, తొమ్మిదిన సాయంత్రం. అప్పటిదాకా కాగితం కుట్టుమిషన్ సొరుగులో ఉంది, రోజుకు పదిసార్లు తెరిచి చూశాను. నేను స్వయంగా తీసుకెళ్తే మావాళ్లు చూస్తారని భయం. నాన్న సంతకం సంగతి నీ ఉత్తరంలో చదివాక అమ్మను ఫోన్ చేసి పిలిచాను. పదిన పొద్దున కాగితం కవర్లో పెట్టి అమ్మ చేతికిచ్చాను. ఆఫీసు తలుపు దగ్గర ఇచ్చి రసీదు తీసుకుని వచ్చేయమన్నాను. నేను చేసిన తెలివైన పని అది.

మావాళ్లు పొద్దున పదికి రావాలి. తొమ్మిదికే వచ్చారు. అమ్మ వెళ్లేసరికి గేటుకు గొలుసు పడింది. ఆఫీసులో ఇచ్చేదని చెప్పి అమ్మ కవరు చూపించింది. మా పార్టీ పిల్ల ఒకతి, రోజూ నా షాపులోనే కూర్చునే పిల్ల, అడ్డం నిలబడింది. “ఇయ్యాల ఎవ్వరి కాగితం లోపలికి పోదమ్మా” అంది. నేను సుకన్య తల్లిని అని అమ్మ చెప్పింది. “అయ్యో, గట్లనా. అయితే ముందట కూసోండ్రి” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కండువా వేసి కూర్చోబెట్టింది. ప్రేమతోనే చేసింది. అమ్మ కవరు విప్పి చూపిస్తే నా పని అయిపోతుందని, నోరు మెదపకుండా సాయంత్రం దాకా ఎండలో కూర్చుంది. కవరు రవికెలో దాచుకుంది. ఆ ఫోటోలో నీకు కనపడిన ఆగ్రహం అదే.

ఇదంతా జరుగుతుంటే నేను అదే గేటు ముందు మైకు పట్టుకుని ఉన్నాను. అమ్మను చూశాను. దిగి వెళ్లి గొలుసు తీయమనలేదు. నా గేటు, నా గొలుసు, నా తీర్మానం. నా సంతకం లోపలికి పోకుండా నేనే కాపలా కాశాను.

ఐదు గంటలకు ముట్టడి విజయవంతమైందని ప్రకటించారు. అధ్యక్షుడు నా భుజం తట్టి పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: “అక్కా, పరేషాన్ కాకు. బడి పోతే పోనీ. గీ ఒక్క బడి మనకు రెండు ఎలక్షన్లకు సరిపోతది.” నిన్న ఒక్క రోజులో మా బస్తీలో మూడు వందల మంది కొత్తగా పార్టీలో చేరారు. బడి పోయినందుకు కోపంతో చేరారు.

నువ్వు రాసిన ఎత్తిపొడుపులన్నీ నిజమే అనుకో. అయినా నీకొకటి చెప్తాను. నువ్వు ఉత్తరం రాసి పంపి ప్రెస్సులో కూర్చున్నావు. పట్టాల దగ్గరికి నువ్వూ రాలేదు. ఆఫీసు గేటుకు నువ్వూ రాలేదు. నాకు మీ ఇద్దరి మీదా, ఆయన మీదా నీ మీదా, ఒకే రకం కోపం వస్తోంది. జీవితమంతా నువ్వు ఇతరులకు డిమాండ్లు రాశావు. ఇవి నీకు:

1. విలీనం మీద పై ఆఫీసుకు ముప్పై రోజుల్లో అప్పీలు వేయొచ్చని కాంతమణి టీచర్ కనుక్కుంది. మంగళవారం లోపల రాసివ్వు. ఈసారి సంతకం పట్టపగలు, వెనక వీధి తల్లులందరి ముందు పెడతాను. నేనే తీసుకెళ్లి ఇస్తాను.

2. అమ్మ దాచి తెచ్చిన కాగితం ఇందులో పెడుతున్నాను. చెమటకు సిరా కొంచెం కారింది, నా పేరు చదవొచ్చు. నీ పత్రిక మొదటి పేజీలో అచ్చు వెయ్యి. పార్టీ నన్ను తీసేస్తుంది. తీసేయనీ.

3. పక్క పేజీలో ఆ ఒట్టు నీదేనని నీ పేరుతో వెయ్యి. పై వాక్యం వదిలేయకు. నాన్న సంతకం గురించి కూడా రాయి.

4. కాంతమణి టీచర్‌కు క్షమాపణ నేను చెప్పుకుంటాను. ఆ మాట మోసుకెళ్లి చెప్పినందుకు నువ్వు చెప్పు.

5. రేపు పొద్దున ఎనిమిదింబావుకు గోడ సందు దగ్గరికి రా. పిల్లలు నూట ముప్పై మంది. బ్రిడ్జి ఎక్కించి దింపాలి. టీచర్, నేను, ఇద్దరమే ఉన్నాం. చాలం.

సుకన్య